చిన్న కేసే కదా, ఫారంలో రాయాలా?

ప్రశ్న: అయ్యా, మాది పుత్తూరు దగ్గర పల్లె. డిగ్రీ చదువుతూ, సైన్యంలో చేరడానికి అగ్నివీర్ పరీక్ష రాశాను. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేశాను. మెడికల్ అయింది, తుది జాబితాలో నా నంబరు వచ్చింది. ఇంకో రెండు నెలల్లో శిక్షణకు వెళ్ళాలి. 2023 కనుమ నాడు పక్క ఊరి పశువుల పండగలో తోపులాట జరిగి, పదకొండు మంది కుర్రాళ్ళ మీద కేసు పెట్టారు. అందులో నా పేరు కూడా ఉంది. అప్పటికి నాకు పద్దెనిమిది నిండి మూడు నెలలు. మరుసటి ఏడాది లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ‘అయిపోయిన కేసు, ఫారంలో లేదని రాసేయ్’ అని కోచింగ్‌లో తెలిసినవాళ్ళు అంటున్నారు. ర్యాలీకి ముందు స్టేషన్‌లో సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు పోలీసు స్పెషల్ బ్రాంచి వాళ్ళు ఇంటికి వచ్చి విచారిస్తారట. ఏమని చెప్పాలి? పన్నెండేళ్ళప్పుడు మామిడి చెట్టు మీద నుంచి పడి ఎడమ చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించారు. అది కూడా చెప్పాలా? హిందీ రాదు. శిక్షణ తట్టుకోగలనా అని భయంగా ఉంది.
— ఒక పాఠకుడు, తిరుపతి జిల్లా

సమాధానం: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగినవి నాలుగు ప్రశ్నలైనా, మీకు నిద్ర పట్టనివ్వనిది మొదటిదేనని అర్థమైంది. పరుగూ హిందీ కష్టపడితే రెండు నెలల్లో దారికి వచ్చే విషయాలు కనుక వాటి గురించి తరువాత రాస్తాను. సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేశాను. అందులో ఐదేళ్ళు ఒక శిక్షణ కేంద్రంలో కొత్త కుర్రాళ్ళకు ఉస్తాద్‌గా ఉన్నాను. మీలాంటి వాళ్ళు పెట్టె మోసుకుంటూ గేటులోకి రావడం చూశాను. కొందరు అదే పెట్టె మోసుకుంటూ తిరిగి వెళ్ళడం కూడా చూశాను.

కేసు సంగతి రాయండి. ఒక్క అక్షరం దాచవద్దు, ఒక్క అక్షరం పెంచవద్దు.

చాలామంది కుర్రాళ్ళు ఈ ఫారాన్ని సరిగా చదవరు. ‘మీ మీద కేసు ఉందా’ అన్న మాటను ‘మీకు శిక్ష పడిందా’ అని అర్థం చేసుకుని, శిక్ష పడలేదు కాబట్టి ‘లేదు’ అని రాసేస్తారు. ప్రభుత్వ ఉద్యోగానికి నింపించే అటెస్టేషన్ ఫారంలో ఇవన్నీ విడివిడిగా అడుగుతారు. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, మీ మీద ప్రాసిక్యూషన్ (కోర్టులో నేర విచారణ) జరిగిందా, మిమ్మల్ని బైండోవర్ చేశారా (మంచి ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకున్నారా), కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఏ పరీక్ష నుంచైనా డిబార్ చేశారా, కాలేజీ నుంచి తీసివేశారా, ఇప్పుడు ఏదైనా కేసు నడుస్తోందా అని ఒక్కొక్క ప్రశ్నకూ ఒక్కొక్క గడి ఉంటుంది. రాజీ అయిన కేసు శిక్ష కిందికి రాదు. మీ కేసుకు వర్తించే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా రాజీ అయిన నేరానికి నిర్దోషిగా విడుదలైనంత ఫలితం ఉంటుంది. కాబట్టి ‘శిక్ష పడిందా’ అన్న గడిలో ‘లేదు’ అని రాస్తే అది నిజం, ‘ప్రాసిక్యూషన్ జరిగిందా’ అన్న గడిలో ‘అవును’ అని రాస్తే అదీ నిజం. సైన్యంలో చేరేటప్పుడు నింపే ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో మాటలు కొంచెం వేరుగా ఉండవచ్చు. అందుకని ప్రతి ప్రశ్ననూ వేలు పెట్టి చదివి, అడిగిన దానికే జవాబు రాయండి. హిందీలోనో ఇంగ్లీషులోనో ఉన్న మాట అర్థం కాకపోతే, మీ కాలేజీ లెక్చరరును అడిగి తెలుసుకున్న తరువాతే కలం పెట్టండి.

కోచింగ్‌లో వాళ్ళు చెప్పింది మీ మేలు కోరే కావచ్చు. కానీ రేపు నష్టం వచ్చినప్పుడు వాళ్ళు మీ పక్కన నిలబడరు. అటెస్టేషన్ ఫారం పైభాగంలోనే ఒక హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్న విషయాన్ని దాచినా అదే అనర్హత అవుతుందని. అంటే అక్కడ కేసు ఒక సంగతి, దాన్ని దాచడం మరొక సంగతి. సైన్యంలో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. 1950 నాటి ఆర్మీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, ఎన్‌రోల్‌మెంట్ సమయంలో అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి తప్పుడు జవాబు ఇచ్చినట్టు తరువాత బయటపడితే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష వేయవచ్చు. కనుమ నాటి తోపులాటకు ఎవరూ మిమ్మల్ని ఐదేళ్ళు జైల్లో పెట్టరు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

దాచినా దాగుతుందా అంటే, ఈ రోజుల్లో అదీ లేదు. స్టేషన్ల ఎఫ్.ఐ.ఆర్.లు సి.సి.టి.ఎన్.ఎస్. అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతాయి. కోర్టుకు వెళ్ళిన కేసును ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కక్షిదారు పేరు కొట్టి ఎవరైనా వెతకవచ్చు. ఇంటికి వెళ్ళి మీరే మీ పేరు కొట్టి చూడండి. మీకు కనిపించేది విచారణ చేసే వాళ్ళకు కనిపించకుండా పోదు. అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించిన 2022 జూన్ నెలలోనే, చేరే ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ తప్పదని సైనికాధికారులు బహిరంగంగా చెప్పారు.

నేను ఉస్తాద్‌గా ఉన్న రోజుల్లో మా ప్లాటూన్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. పేరూ ఊరూ చెప్పను. ఫైరింగ్‌లో అందరికంటే ముందుండేవాడు, తోటివాళ్ళ బూట్లకు కూడా తానే పాలిష్ చేసిపెట్టేవాడు. చేరకముందు ఊళ్ళో బస్సు దగ్గర గొడవపడి కోర్టులో చిన్న జరిమానా కట్టాడు. ఫారంలో మాత్రం ‘లేదు’ అని రాశాడు. పదహారో వారంలో వాళ్ళ జిల్లా నుంచి వెరిఫికేషన్ కాగితం వచ్చింది. ముందే రాసి ఉంటే ఆ జరిమానాను ఎవరూ పట్టించుకునేవారు కాదని ఆఫీసులో క్లర్కు నాతో అన్నాడు. ఆ సాయంత్రం ఆ అబ్బాయి బ్యారక్ వరండాలో కూర్చుని, ప్రభుత్వం ఇచ్చిన సామాను అప్పజెప్పడానికి ఒక్కొక్కటే సర్దుకున్నాడు. బూట్లు, బెల్టు, మెస్ టిన్, దుప్పటి వరసగా పెట్టి, దోమతెరను అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు వేశాడు. ఆ మడత వాడికి నేర్పింది నేనే. ఇరవై ఏళ్ళు దాటినా, కోచింగ్‌లో ఎవరైనా ‘లేదని రాసేయ్’ అన్నారని వినగానే నాకు ఆ దోమతెర కళ్ళ ముందు కనిపిస్తుంది.

అయితే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని నేను మీకు మాట ఇవ్వలేను. ఇస్తే అది కూడా మోసమే అవుతుంది. ఈ విషయం మీద 2016 జూలై 21న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో వివరమైన తీర్పు ఇచ్చింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచిపెట్టకూడదు. చిన్న వయసులో జరిగిన అల్పమైన నేరాన్ని దాచినా, దాన్ని మన్నించే విచక్షణ యాజమాన్యానికి ఉంటుంది. అభ్యర్థి ముగిసిపోయిన కేసును నిజాయితీగా చెప్పినా, అతని పూర్వాపరాలను పరిశీలించే హక్కు కూడా యాజమాన్యానికి ఉంటుంది. తీర్పు సారాంశం ఇది. చెప్పినవాడి విషయంలో అధికారి కేసు ఎంతటిదో మాత్రమే తూచుతాడు. దాచినవాడి విషయంలో మనిషినే తూచుతాడు. రాజీ అయిన తోపులాట కేసుతో, కాగితాలు చేతిలో పెట్టుకుని ఎదుట నిలబడిన కుర్రాణ్ణి ఏ అధికారీ తేలికగా పక్కన పెట్టడని నా అనుభవం.

ఇక్కడే మరో మాట. మీకు అప్పటికి పద్దెనిమిది నిండి మూడు నెలలు కాబట్టి మీకు వర్తించదు గానీ, ఇది చదివే మరో కుర్రాడికి పనికి రావచ్చు. సంఘటన జరిగిన నాటికి పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళ కేసు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నడిచి ఉంటే, 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ వాళ్ళకు ఆ కారణంగా అనర్హత అంటకుండా రక్షణ ఇస్తుంది. ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళతో సమానంగా విచారణ ఎదుర్కొన్న పదహారేళ్ళు దాటినవాళ్ళు మాత్రం దీనికి మినహాయింపు. అలాంటివాళ్ళు ఫారం నింపే ముందు తప్పక న్యాయవాదిని కలవాలి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. కేసు నడిచిన కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి, లోక్ అదాలత్ అవార్డు, కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. జెరాక్సు చాలదు, కోర్టు ముద్ర ఉన్న కాపీయే కావాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ, ఛార్జిషీటు కాపీ కూడా దగ్గర పెట్టుకోండి. తరువాత ఒక తెల్లకాగితం మీద నాలుగైదు వాక్యాల్లో జరిగినది రాయండి. ‘2023 జనవరి 16న ఫలానా గ్రామంలో పశువుల పండగలో తోపులాట జరిగింది. ఫలానా స్టేషన్‌లో ఫలానా నంబరుతో, ఫలానా సెక్షన్ల కింద పదకొండు మంది మీద కేసు నమోదైంది. అందులో నేను ఫలానా నిందితుణ్ణి. ఫలానా తేదీన లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఉత్తర్వు నకలు జతపరిచాను.’ ఇంతే. తప్పు ఎవరిది, ముందు ఎవరు తోశారు, పోలీసులు అన్యాయంగా పేరు ఇరికించారు అనే మాటలు ఆ కాగితంలో వద్దు. ఆ కాగితం పని మీరు దేన్నీ దాచలేదని చూపించడం మాత్రమే.

ర్యాలీ సమయంలో మీరు పది రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ ఇచ్చి ఉంటారు. దాని నకలు తీసి చదవండి. అందులో ‘నా మీద ఎలాంటి కేసూ నమోదు కాలేదు’ అన్న మాట ఉంటే, పిలుపు వచ్చే దాకా ఆగకండి. మన జిల్లాను చూసేది గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు. పొరపాటు జరిగిందని ఒప్పుకుంటూ, సరైన వివరాలూ కోర్టు కాగితాలూ జతచేసి, అక్కడికి స్వయంగా వెళ్ళి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వెళ్ళేముందు ఒక్కసారి న్యాయవాదికి చూపించండి. ఫీజు భారమైతే చిత్తూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్ళండి. లోక్ అదాలత్‌లు నడిపేది వాళ్ళే కాబట్టి మీ కాగితాలు వాళ్ళకు కొత్త కాదు. వాళ్ళు పట్టుకోకముందే మనం చెప్పిన మాటకూ, పట్టుకున్నాక చెప్పిన మాటకూ విలువలో చాలా తేడా ఉంటుంది. ఈ పని వాయిదా వేయకండి.

ఇక ఇంటికి వచ్చే విచారణ. స్పెషల్ బ్రాంచి నుంచి వచ్చేది చాలాసార్లు మఫ్టీలో ఉన్న ఒక హెడ్ కానిస్టేబులు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి, మామూలు కబుర్లలాగే మొదలుపెడతాడు. ఈ ఇంట్లో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, గత ఐదేళ్ళలో ఇంకెక్కడైనా ఉన్నారా, ఎక్కడెక్కడ చదివారు, నాన్న ఏం చేస్తారు, విదేశాల్లో బంధువులు ఉన్నారా, ఏ సంఘంలోనైనా తిరుగుతారా, సాయంత్రాలు ఎవరితో ఉంటారు, కేసులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతాడు. మీరు ఇంట్లో లేని వేళ వచ్చి అమ్మనే అడగవచ్చు. అమ్మ ఏమంటుంది? ‘మా వాడు చీమకు కూడా హాని చెయ్యడు సార్, కేసులూ గీసులూ ఏమీ లేవు’ అంటుంది. ప్రేమతో అన్న ఆ మాట మీరు ఫారంలో రాసిన దానికి ఎదురు నిలుస్తుంది. కాబట్టి ఈ రోజే అమ్మానాన్నలను కూర్చోబెట్టి, మీరు ఫారంలో ఏమి రాశారో అక్షరం అక్షరం చదివి వినిపించండి. నేర్పించి చెప్పించడం కాదు, మీరు నిజం రాశారని వాళ్ళకు తెలియాలి, అంతే. వీధి చివర కొట్టులోనూ, పక్కింట్లోనూ కూడా అడుగుతారు. అక్కడ మీరు ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. వచ్చినవారి చేతిలో డబ్బు మాత్రం పెట్టకండి, పెట్టనివ్వకండి. లేని తప్పును కొనితెచ్చుకున్నట్టు అవుతుంది.

మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగినప్పుడు, ప్రశ్న పూర్తిగా విని, దానికే జవాబు చెప్పండి. గుర్తులేని తేదీని ఊహించి చెప్పకుండా ‘కాగితం చూసి చెబుతాను సార్’ అనండి. ఆ రోజు మీరు కూడా ఎవరినైనా తోసి ఉంటే ‘నేనూ తోశాను సార్’ అని చెప్పడానికి వెనకాడకండి. పదిమంది స్నేహితుల మీదికి నెట్టేసి తాను ఒక్కడే అమాయకుణ్ణనే వాణ్ణి ఏ అధికారీ నమ్మడు. రేపు అలాంటివాడి పక్కన కందకంలో కూర్చోవడానికి ఏ సైనికుడూ ఇష్టపడడు. జవాబులు బట్టీ పట్టకండి. నిజాన్ని బట్టీ పట్టే అవసరం ఉండదు.

ఇంత లోతుగా ఎందుకు అడుగుతారని మీకు అనిపించవచ్చు. మీ పరువు తీయడానికి కాదు. దాచిన విషయం ఉన్న మనిషి జుట్టు, ఆ విషయం తెలిసిన వాడి చేతిలో ఉంటుంది. ఈ రోజు చిన్న కేసును దాచిన కుర్రాణ్ణి రేపు ఎవరో ‘నీ సంగతి బయటపెడతాను, ఈ ఫోటో పంపు, ఆ రోస్టరు చెప్పు’ అని లొంగదీసుకోవచ్చు. అధికారిక రహస్యాల చట్టం 1923 నుంచి ఉంది. దాని కింద చిక్కుకున్న వాళ్ళలో దేశద్రోహం చేయాలని బయలుదేరిన వాళ్ళకంటే, ఒక చిన్న రహస్యానికో, చిన్న అప్పుకో, ఫోన్‌లో పరిచయమైన ఒక గొంతుకో లొంగిపోయిన వాళ్ళను నేను ఎక్కువగా విన్నాను. 2022 జూన్‌లో హైదరాబాదులోని క్షిపణి ప్రయోగశాలలో పనిచేసే ఒక కాంట్రాక్టు ఉద్యోగిని, సామాజిక మాధ్యమంలో పరిచయమైన మహిళకు సమాచారం పంపాడనే ఆరోపణ మీద అరెస్టు చేశారు. కాబట్టి ఈ రెండు నెలల్లో మీ ఫోనును కూడా సరిచేసుకోండి. ముఖం తెలియని స్నేహితులను తీసివేయండి. లోన్ యాప్‌లో అప్పు ఉంటే తీర్చేయండి, మీ వల్ల కాకపోతే నాన్నకు చెప్పి తీర్పించండి. ఎంపికైన కాగితాన్నీ, చేరబోయే కేంద్రం పేరునూ స్టేటస్‌లో పెట్టకండి. మీ సంతోషం నాకు తెలుసు. ఊళ్ళో వాళ్ళకు నోటితో చెప్పుకోండి, చాలు.

చేతి సంగతి కూడా అంతే. మన వైపు ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. నాకూ చిన్నప్పుడు కట్టారు. దానికి డిశ్చార్జి కాగితం ఉండదు కాబట్టి చెప్పనక్కరలేదని అనుకోకండి. పాత విరుపు ఎక్స్‌రేలో కనిపించవచ్చు. మోచెయ్యి వంకర వంటివి డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు. మీరు మెడికల్ దాటారు కనుక చెయ్యి పూర్తిగా ఆడుతున్నట్టే. అయినా శిక్షణ కేంద్రంలో డాక్టరు పాత గాయాల గురించి అడిగితే ఏ వయసులో, ఎలా, ఏ కట్టుతో నయమైందో చెప్పండి. రేపు తాడు ఎక్కుతుంటే ఆ చేతికే నొప్పి వచ్చిందనుకోండి, ముందు చెప్పినవాడికి వైద్యం జరుగుతుంది, దాచినవాడికి ముందు విచారణ జరుగుతుంది.

పత్రాల్లో మరొక చిక్కు ఉంది. మన జిల్లా కుర్రాళ్ళు దీని దగ్గర తరచుగా ఆగిపోతారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడడంతో పుత్తూరు అందులోకి వచ్చింది. మీ పదో తరగతి నాటి కాగితాల్లోనూ, పాత కుల ధ్రువపత్రంలోనూ చిత్తూరు జిల్లా అని ఉంటుంది, కొత్త వాటిలో తిరుపతి అని ఉంటుంది. ఇది తప్పు కాదు గానీ, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన క్లర్కుకు ఇది రెండు చిరునామాల్లా కనిపిస్తుంది. నేటివిటీ సర్టిఫికెట్ గ్రామ సచివాలయం నుంచి కొత్తగా తీసుకుని, పాత జిల్లా పేరు అడిగితే రెండు ముక్కల్లో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. ఇంటిపేరు సంగతి కూడా చూసుకోండి. పదో తరగతి మార్కుల జాబితాలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర ఉంటే, ముగ్గురు మనుషులు అయిపోతారు. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి ఇప్పుడే సరిచేయించండి.

ఇప్పుడు శరీరం. 5 నిమిషాల 20 సెకన్లు మంచి పరుగే, ర్యాలీలో పూర్తి మార్కులు వచ్చే గ్రూపు అది. కానీ శిక్షణ వేరు. సుమారు 31 వారాల శిక్షణలో మీరు ఎదుర్కొనే బి.పి.ఇ.టి. అనే శారీరక సామర్థ్య పరీక్షలో పరుగు 5 కిలోమీటర్లు, అదీ బూట్లు వేసుకుని, వీపున సామానుతో, చేతిలో రైఫిల్‌తో. మీ వయసువాళ్ళకు 25 నిమిషాల్లోపు వస్తే ఉత్తమం, 28 దాటితే తప్పినట్టే. దాంతోపాటు తాడు ఎక్కడం, తొమ్మిది అడుగుల కందకం దూకడం ఉంటాయి. మైలు పరుగుకు అలవాటుపడిన కుర్రాళ్ళు మొదటి నెలలోనే కాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. కారణం బలం లేక కాదు, భారం ఒక్కసారిగా పెరగడం. ముంగాలి ఎముకకు పట్టే నొప్పినీ, దాన్ని పట్టించుకోకపోతే వచ్చే సన్నని పగులునీ నేను లెక్కలేనన్ని చూశాను. అందుకని ఈ వారం నుంచే వారానికి మూడు రోజులు మూడేసి కిలోమీటర్లు, మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నెమ్మదిగా మొదలుపెట్టి, ప్రతి వారం కొంచెం కొంచెం పెంచుకుంటూ బయలుదేరే నాటికి 6 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తేలా తయారవ్వండి. ఒక రోజు మాత్రం వేగంగా పరిగెత్తండి. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. బొటనవేలితో ముంగాలి ఎముక వెంట నొక్కుతూ రండి. ఒకే చోట చుర్రుమంటే పరుగు ఆపి ఎక్స్‌రే తీయించండి. బయలుదేరే ముందు చివరి వారం తగ్గించండి. అలసిన కాళ్ళతో గేటులో అడుగు పెట్టకూడదు.

తిరుపతి కుర్రాళ్ళందరూ మెట్లెక్కి సాధన చేయాలనుకుంటారు. మంచిదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. వారానికి ఒక్కసారి శ్రీవారి మెట్టు దారిలో, పరుగు కాకుండా వేగమైన నడకతో ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం బస్సు ఎక్కండి. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద పడే దెబ్బ ఎక్కేటప్పటి కంటే ఎక్కువ. పైగా అది భక్తులు నడిచే దారి. మోకాళ్ళతో ఎక్కే తల్లులను తోసుకుంటూ, ఫోన్‌లో సెకన్లు చూసుకుంటూ పరిగెత్తడం మనకు తగదు. ఎండాకాలంలో తెల్లవారుజామునే పని ముగించండి. తాడు కోసం బావి దగ్గరి మోకును వేపచెట్టుకు కట్టుకుంటే చాలు. తిండికి ఇంట్లో తినే రాగి సంకటి, పప్పు, వేరుశనగలు, గుడ్లు చాలు. జిమ్ముల్లో ఎవరో ఇచ్చే పొడులు, మాత్రలు, ఇంజెక్షన్ల జోలికి వెళ్ళకండి. రాత్రిపూట మాత్రం చపాతీ అలవాటు చేసుకోండి, లంగర్‌లో, అంటే సైనికుల భోజనశాలలో, అది రోజూ ఉంటుంది. ఇప్పటి నుంచే నాలుగున్నరకు లేవండి. మొదటి పదిహేను రోజులు కుర్రాళ్ళను ఏడిపించేది పరుగు కంటే నిద్రే.

హిందీ గురించి భయపడకండి. నేను చేరినప్పుడు నాకు ‘పానీ’ తప్ప ఒక్క మాట రాదు. పెరేడ్ మైదానంలో మాటలు కొన్నే: సావధాన్, విశ్రామ్, దాయే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. వీటిని అర్థంతో సహా నేర్చుకుని, ఇంటి ముందు తమ్ముడి చేత చెప్పించుకుంటూ తిరగండి. ఒకటి నుంచి వంద వరకు అంకెలు నేర్చుకోండి, ఎందుకంటే మిమ్మల్ని నంబరుతోనే పిలుస్తారు. పొరపాటు జరిగినప్పుడు ‘గలతీ హో గయీ, ఉస్తాద్’ అనడం, అర్థం కానప్పుడు ‘సమఝ్ నహీఁ ఆయా, ఉస్తాద్’ అనడం ఈ రెండూ వస్తే మొదటి నెల గడుస్తుంది. అర్థం కాకుండా తల ఊపే కుర్రాడి మీదే ఉస్తాద్‌కు కోపం వస్తుంది, అడిగేవాడి మీద రాదు. మీ పల్లెలో తమిళం కూడా మాట్లాడతారు కదా. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం బెంగళూరులో ఉన్నాయి. మిమ్మల్ని అలాంటి చోటికి పంపితే తమిళం కూడా తోడవుతుంది.

మొదటి వారాల్లో ఫోను మీ దగ్గర ఉండకపోవచ్చు. బయలుదేరే ముందే అమ్మకు కేంద్రం చిరునామా రాసి ఇచ్చి, కబురు ఆలస్యమైతే కంగారుపడవద్దని చెప్పండి. కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి. ఒకటి మీ పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకోండి, రెండోది ఆ తెల్లకాగితం నకలుతో కలిపి ఇంట్లో అమ్మ దగ్గర ఉంచండి. మీరు లేనప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే ఆమె వెతుక్కోకుండా తీసి చూపించగలగాలి.